బొటనవేలు ఎవరిది?

పరీక్షకు సరిగ్గా మూడు గంటల ముందు, ప్రవల్లిక హాల్ టికెట్‌ను వెనక్కి తిప్పి చూసిన మనోజ్ఞ కెవ్వుమని అరిచింది.

"అక్కా! దీని మీద ఎర్ర ముద్ర కొట్టారు!"

ప్రవల్లిక జడ అల్లుకుంటోంది. వేళ్ళు మూడో పాయ దగ్గరే ఆగాయి. "ఎర్రదో పచ్చదో నాకేం పనే? ముద్రల ఏమున్నదో చదువు."

"'రైటర్ సౌకర్యం రద్దు. అభ్యర్థి కోరిక మేరకు.' గది నంబరు కూడా కొట్టేశారు. నీకిచ్చిన విడి గది కాదంట. మూడో అంతస్తు, మూడొందల తొమ్మిది. అందరితో పాటు."

వంటింట్లో గరిటె ఖణేలుమని గిన్నెలో పడింది. చిన్నప్పుడే చూపు పోయిన ప్రవల్లికకు ఈ ఇంట్లో ప్రతి చప్పుడూ ఒక మనిషి మొహమే. గరిటె అలా పడిందంటే అమ్మ మొహం ఎలా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎవల కోరిక?" అంటూ లలితమ్మ ఆ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. చీరలకు రాళ్ళు అంటించే జిగురు వాసన ఆమెతోపాటే వచ్చింది.

"అభ్యర్థి అంటే అక్కే కదా ఆంటీ."

"నేనా?" ప్రవల్లిక నవ్వింది గానీ ఆ నవ్వు సగంలోనే ఎండిపోయింది. "నిన్న నేను కోరింది ఒక్కటే. మామ తెస్తనన్న లోచో టిఫిను. అది గుడ రాలే."

జోకు ఎవరికీ ఎక్కలేదు. రెండేళ్ళుగా యూనివర్సిటీ ఆఫీసు గడపలు అరిగేలా తిరిగి సంపాదించుకున్న ఏర్పాటు అది. తను నోటితో చెప్పింది చెప్పినట్టు రాసే రైటర్, పక్కవాళ్ళకు వినపడకుండా విడిగా ఒక గది, అరగంట ఎక్కువ సమయం. రైటర్ తనకంటే తక్కువ క్లాసు చదివే మనిషే అయ్యుండాలన్నారు. రైల్వే రాఘవ సారు కూతురు మనోజ్ఞ పదకొండో క్లాసు. మూడు నెలల నుంచి ప్రతి ఆదివారం రైల్వే క్వార్టర్స్ నుంచి సూరత్ అమ్రోలిలోని ఈ ఇంటికి వచ్చి, ప్రవల్లిక చెప్పగా రాయడం సాధన చేస్తోంది.

ఈరోజు ఆ పిల్ల పక్కన లేకపోతే ప్రశ్నపత్రం కూడా చదివిపెట్టే దిక్కుండదు. తెల్లకాగితాల ముందు మూడు గంటలు కూర్చుని రావాలి. ఈ పేపరు పోతే డిగ్రీ ఆఖరి ఏడాది పోతుంది. డిగ్రీ చేతికి రాగానే జూన్‌లో టీచర్‌గా చేరమన్న అంధుల బడి, ఇంకో ఏడాది ఆగుతుందా?

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో హారన్ మోగింది. ఆ వెంటనే, "తయారేనా కోడలు పిల్లా? టాప్ గేర్‌ల తీసుకపోత!" అంటూ లలితమ్మ తమ్ముడు పరుశురాం లోపలికొచ్చాడు.

నిన్న సాయంత్రం యూనివర్సిటీ నుంచి హాల్ టికెట్ తెచ్చింది ఆయనే.

"పట్టుకోండి ఆంటీ!" అంది మనోజ్ఞ.

పరుశురాం గడపలోనే బిగుసుకుపోయాడు. "నన్నెందుకు పట్టుకునుడు? నేనేం జేసిన?"

"ఆఫీసుల ఏం చెప్పినవ్ రా?" లలితమ్మ గరిటెతోనే ముందుకొచ్చింది. "రైటర్ వద్దని ఎవలకు చెప్పినవ్?"

"నేనా? కొమరెల్లి మల్లన్న మీద ఒట్టు! కవరు చేతిలవెట్టిండ్రు, తెచ్చిన, ఈ టీవీ మీద పెట్టిన. గంతే!"

"మల్లన్న మీద ఒట్టు పెట్టకు. గుట్క బందు జేసిన అని పోయిన దీపావళికి గదే మల్లన్న మీద ఒట్టు పెట్టినవ్."

"అది వేరే అక్కా!"

"రేషన్ కార్డు ఫారంల బావ పేరు రాయించమంటె నీ పేరు రాయించినవ్. ఆర్నెల్లు నాకు మొగుడెవడని ఆఫీసోళ్ళు పరేషానయిండ్రు. గుడ వేరేనా?"

పరుశురాం, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్కర్లేని చోట చొక్కా జేబులు తడుముకున్నాడు. ఆ చప్పుడు కూడా ప్రవల్లిక విన్నది.

ఇంకొకటి కూడా విన్నది. వినలేదు అనాలేమో.

మరమగ్గాల మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి గడప పక్కన కూర్చున్న నాన్న చాయ్ తాగడం లేదు. సాంబయ్య చాయ్ తాగితే వీధి చివరిదాకా జుర్రుమని వినపడుతుంది. ఈ పొద్దు ఆ చప్పుడే లేదు. గ్లాసు కింద పెట్టినప్పుడు కూడా నిండు గ్లాసు చప్పుడే వచ్చింది.

"నాయినా, చాయ్ సల్లారుతంది."

"ఊఁ."

"నడువుండ్రి, ఆఫీసుకే పోదాం," అంది ప్రవల్లిక, జడ కొసను విసురుగా వెనక్కి వేసి. "ముద్ర కొట్టినోళ్ళనే అడుగుదాం. టైం ఎంతయింది?"

"ఎనిమిదీ పది."

"నేను గుడ వస్త," అన్నాడు సాంబయ్య.

లలితమ్మ విస్తుపోయింది. "నువ్వేం జేస్తవయ్యా వచ్చి? రాత్రంత లూముల నడుమ నిలవడ్డవ్. పండుకో."

"వస్త," అన్నాడు ఆయన. గ్లాసు అక్కడే వదిలి లేచాడు.

*

ఆటో వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు, ముందర పరుశురాం పక్కన అర సీటు మీద సాంబయ్య. తాపీ నది వంతెన ఎక్కగానే గాలి చల్లబడింది. ప్రవల్లికకు వంతెన వచ్చిందని ఎవరూ చెప్పరు, గాలే చెబుతుంది.

మనోజ్ఞకు టీవీలో నేర పరిశోధన సీరియళ్ళ పిచ్చి. ఇంత భయంలోనూ ఆ పిచ్చి ఊరుకోలేదు. "అక్కా, ముందు లాభం ఎవరికో చూడాలి. నువ్వు పరీక్ష రాయకపోతే ఎవరికి లాభం?"

"నీకే."

"నాకా!"

"నేను రాయకుంటే నీకు సెలవు గద. నువ్వు మీ అమ్మమ్మ ఊరికి పోవచ్చు, మామిడిపండ్లు తినొచ్చు."

"అన్యాయం అక్కా! నీ సోషియాలజీ రాసీ రాసీ నాకు కలలో కూడా సమాజమే వస్తోంది. మొన్న మా అమ్మ కూరలో ఉప్పు ఎక్కువేస్తే, ఇది వ్యక్తి తప్పు కాదు, వ్యవస్థ తప్పు అన్నాను. అట్లకాడతో కొట్టింది."

లలితమ్మకు కూడా నవ్వొచ్చింది. వెంటనే దిగమింగుకుని ముందు సీటు మీద విరుచుకుపడింది. "ఏమయ్యా, నోట్లె నీళ్ళు పోసుకున్నవా? బిడ్డ ఏడాది గంగల కలుస్తదని మేం మొత్తుకుంటుంటె ఉలకవు పలకవు!"

ఆటో పది గజాలు పోయాక సాంబయ్య గొంతు సవరించుకున్నాడు. "గది గాదు... రైటర్ లేకుంటె ఏమయితది? పెన్ను ఇస్తె మన పిల్ల రాస్తది గద?"



ప్రవల్లిక పకపకా నవ్వింది. "నాయినా, నాకు పెన్ను ఇస్తె చెవి గోక్కుంట! నేను రాసేది చుక్కల రాత. వేళ్ళతోటి తడిమి చదివేది. ఆ చుక్కలు పేపర్ దిద్దే సార్లకు రావు. మీ తీరు రాత నాకు రాదు. అందుకే గద రైటర్!"

"మరి నువ్వు ఆ..." అని సాంబయ్య ఏదో అనబోయాడు. ఎదురుగా వచ్చిన బస్సు మీద పరుశురాం హారన్ మోత మోగించాడు. ఆ మోత ఆగేసరికి సాంబయ్య మాట కూడా ఆగిపోయింది.



ప్రవల్లిక నవ్వు మెల్లగా తగ్గింది. నాన్న అలాంటి ప్రశ్న అడగడం వింత కాదు. ఆయన బడి మొహం చూడలేదు. కానీ ఆ గొంతు? పోగు తెగినా గమనించక లూము నడిపి, గజం బట్ట పాడయ్యాక చూసుకున్న మనిషి గొంతులా ఉంది.

*

పరీక్షల ఆఫీసులో ఆ విభాగం చూసే కల్పనాబెన్ గాజుల చప్పుడుతో పాటు కుర్చీ లాక్కుంది. "శూ థయు, ఏమైంది బేటా? ఈ టైంలో ఇక్కడేం చేస్తున్నావు? పదిన్నరకు గేటు తీస్తారు."

ప్రవల్లిక హిందీలో గబగబా చెప్పింది. ఫైలు వచ్చింది. కాగితాలు తిరిగాయి. గాజులు ఆగాయి.

"ఇదిగో. రద్దు చేయమని నువ్వే ఇచ్చిన అర్జీ. పోయిన సోమవారం తేదీ."

"చదువు," అంది ప్రవల్లిక మనోజ్ఞతో.

గేటు బయట అర్జీలు టైపు చేసిపెట్టేవాళ్ళ గుజరాతీ అది. మనోజ్ఞ చదువుతూ తెలుగులో చెప్పింది. "'నేను, కుమారి ప్రవల్లిక, నా పరీక్ష నా చేత్తోనే రాయగలను. నాకు వేరే మనిషి వద్దు. నన్ను అందరితో పాటు కూర్చోబెట్టండి.' కింద... అభ్యర్థి వేలిముద్ర."

"ఏందీ?"

"వేలిముద్ర అక్కా. బొటనవేలిది."

ప్రవల్లిక సంచిలోంచి మధ్యలో సన్నటి కిటికీలా కోసిన అట్టముక్క తీసింది. బల్ల మీద తడిమి ఒక తెల్లకాగితం లాక్కుని, దాని మీద అట్టముక్క పెట్టి, ఆ సందులో తన పేరు రాసింది. కాగితం ముందుకు తోసింది.

"ఇది నా సంతకం మేడం. ఆరు నెలలు నేర్చుకున్నా. రైటర్ కావాలని నేనిచ్చిన అప్లికేషన్ మీద ఇదే ఉంటుంది, చూసుకోండి. కళ్ళు కనపడవంటే వేలిముద్రే అని మీ ఆఫీసులో ఎవరు తేల్చారు?"

లలితమ్మ భయంగా కూతురి భుజం నొక్కింది. ప్రవల్లిక ఆగలేదు. "నేను దయ అడగడానికి రాలేదు. అందరికీ పెన్ను ఇస్తున్నారు. నా పెన్ను నాకివ్వండి. నా పెన్ను పేరు మనోజ్ఞ."

పక్కన మనోజ్ఞ నిటారుగా నిలబడ్డ అలికిడి వినిపించింది.

కల్పనాబెన్ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "నువ్వు చెప్పింది నిజమే. మా క్లర్కు నిన్ను పిలిచి అడగాల్సింది. అడగలేదు, అది మా తప్పు. కానీ బేటా, ఈ కాగితం ఫైల్లో ఉండగా నేను చీటీ ఇస్తే, రేపు ఎవరైనా లేవనెత్తారంటే నీ పేపరే చెల్లదంటారు. నీ మంచికే చెబుతున్నా. ఈ వేలిముద్ర వేసిన మనిషి వచ్చి, నేనే వేశానని లిఖితంగా ఒప్పుకోవాలి. లేకపోతే కమిటీకి పంపాలి."

"కమిటీ ఎప్పుడు?"

"గురువారం."

"పరీక్ష ఈరోజు మేడం!"

"అందుకే అంటున్నా. పదీ పావు లోపల ఆ మనిషిని తీసుకురా. అప్పుడే నేను ఆ ఎర్ర ముద్ర రద్దు చేస్తాను."

అప్పటికి తొమ్మిదీ యాభై.

*

బయట వరండాలో బెంచీ మీద అందరూ కూలబడ్డారు. ఊరు ఊరంతా వెతకాలా? సూరత్‌లో బొటనవేళ్ళు తక్కువా?

"ముద్ర ఎట్లున్నదే?" అంది ప్రవల్లిక. "బాగ చూసినవా?"

"చూశానక్కా. పెద్దది. మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లగీత. పైన గీతలు ఒకలా, కింద గీతలు ఒకలా జరిగిపోయి ఉన్నాయి. తెగి అతుక్కున్న వేలిలా."

ప్రవల్లిక తన చిటికెన వేలిని ఒకసారి తడుముకుంది.  

తర్వాత లేచి నిలబడి, ఇన్‌స్పెక్టర్ గొంతు పెట్టింది. "అందరు బొటనవేళ్ళు ముందటవెట్టుండ్రి."

"ముందు నాది చూడు కోడలా!" పరుశురాం ఎగిరి వచ్చాడు. "అందరికంటే ముందు నాదే చూడు. పాపం పోతది."

ఆ వేలు నున్నగా ఉంది. హారన్ నొక్కి నొక్కి అరిగిన వేలు. "పో మామా, నువ్వు కాదు. రేషన్ కార్డు కేసు మాత్రం ఇంక నడుస్తది."

"జై మల్లన్న!"

లలితమ్మ వేలి కొసన జిగురు ఎండి గింజల్లా గట్టిపడి ఉంది. మనోజ్ఞ వేలు మెత్తగా ఉంది. పెన్ను ఒరిపిడికి పక్కన చిన్న కాయ మాత్రం కాసింది. అది తన వల్లే కాసిందని ప్రవల్లికకు తెలుసు.

"నాయినా."

చెయ్యి రాలేదు.

"నాయినా, నీ చెయ్యి."

ప్యాంటు జేబులోకి చెయ్యి దూరిన చప్పుడు. అంతే.

ఆ వేలు ఆమె తడమక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్లగా మొదటిసారి రోడ్డు దాటినప్పుడు పట్టుకున్న వేలు అది. లూములో పడి చీలి, గట్టులా పొంగి అతుక్కున్న మచ్చ దాని నడుమ. చిన్నప్పుడు ఆ గట్టు మీద తన చిటికెన వేలితో నడక ఆట ఆడేది.

 ఎక్కడో పిల్లలు ఆఖరి నిమిషంలో ప్రశ్నలు వల్లె వేసుకుంటున్నారు.

లలితమ్మకు ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక మాత్రం ఆలస్యం చేయలేదు. "నువ్వా? ఓయ్, నువ్వా! ఇంటి దొంగను ఈశ్వరుడు గుడ పట్టలేడంటరు గందుకే! పొద్దటి సంది నా తమ్ముని నెత్తి మీద గరిటె ఆడిస్తుంటె కండ్లప్పగించి చూసుకుంట కూసున్నవా?"

"గదే నేనంటున్న," అన్నాడు పరుశురాం.

"నువ్వు నోర్ముయ్!"

"అమ్మా, ఆగు." ప్రవల్లిక గొంతు చిన్నగా ఉంది. ఇందాకటి ఇన్‌స్పెక్టర్ ఎటు పోయాడో. "నాయినా, నన్ను అడగొచ్చు గద?"

"ఏమని అడగాలె?" అన్నాడు సాంబయ్య. "నవ్వుతవని..."

అవును, ఆటోలో నవ్వింది. 

ఆయన లేచాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచిన చప్పుడు, గుడిలోకి వెళ్ళేవాడిలా. తర్వాత లోపలినుంచి ఆయన హిందీ వినిపించింది.

"మేడం. మైనే కియా."

*

కల్పనాబెన్ ఆయన వేలు, కాగితం మీది ముద్ర రెండూ పోల్చి చూసింది. కోప్పడలేదు. తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపింది. "లిఖో, భాయ్."

"లిఖ్‌నా నై ఆతా, మేడం."

"అయితే ఎవరితోనైనా రాయించండి. కానీ మాటలు మీవే ఉండాలి. రేపు ఎవరో బెదిరించి రాయించారని అనకూడదు. మీ భాషలోనే చెప్పండి. కింద హిందీలో అర్థం రాస్తే చాలు."

పరుశురాం వెనక్కి తగ్గాడు. లలితమ్మకు ఎలాగూ రాదు. మనోజ్ఞ కుర్చీ లాక్కుంది. వాళ్ళమ్మ వారపత్రికలు కూడబలికించి చదివించి నేర్పిన తెలుగు ఆ పిల్లది. "చెప్పండి అంకుల్."

"రైటర్ వద్దని అంగూఠా పెట్టింది నేనే. తప్పయింది."

పెన్ను గీతలు చకచకా సాగాయి. ఒక్క వాక్యానికి ఎక్కువే సాగాయి.

"ఏం రాసినవ్, చదువు బిడ్డా."

మనోజ్ఞ గొంతు సవరించుకుంది. "'నా అజ్ఞానము చేత జరిగిన ఈ అపరాధమునకు నేను మిక్కిలి చింతించుచున్నాను.'"

"గదెవలన్నరు?" సాంబయ్య ఉలిక్కిపడ్డాడు. "నేను గట్లన్ననా? అపరాధమేంది, చింతించుడేంది? నేను తప్పయిందన్న!"

"అదే అంకుల్, కాస్త బాగుంటుందని..."

"బాగుండుడు నాకొద్దు. నేనేమన్ననో గదే రాయ్. చెప్పింది నేను. కాయితం నాది. నీ మాటలు దీంట్ల ఎందుకు కలుపుతవ్?"

మనోజ్ఞ ఆ మాటలు కొట్టేస్తోంది. గది గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రవల్లిక పెదవుల మీదికి ఎక్కడినుంచో మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి జాగ్రత్తగా, మెత్తగా వచ్చింది.

"నాయినా, ఒక్క మాట. రాస్తున్నది మనోజ్ఞ గద. మరి కాయితం నీదెట్లయితది?"

"నాది గాక? మాట నాదయినప్పుడు..."

సాంబయ్య ఆగిపోయాడు.

  పైన ఫ్యాను కిర్రుకిర్రుమని తిరుగుతోంది. నాన్న ఊపిరి ఒకటి లోపలికి పోయి, చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

"పదీ పది," అంది కల్పనాబెన్ మెల్లగా.

కుర్చీ జరిగింది. సాంబయ్య మనోజ్ఞ పక్కకు వచ్చి కూర్చున్నాడు. గొంతు మారింది. లూము ముందు నిలబడ్డప్పటి గొంతు, ఎవరినీ అడగక్కర్లేని గొంతు.

"కొత్త కాయితం తియ్ బిడ్డా. నేను చెప్త, నువ్వు రాయ్.

"నా పేరు సాంబయ్య. మాది సిరిసిల్ల దిక్కు. ఇరవై రెండేండ్ల సంది సూరత్‌ల లూములు నడుపుత. నా బిడ్డకు రైటర్ వద్దని అర్జీ టైపు కొట్టించి అంగూఠా పెట్టింది నేను. సోమవారం కరెంటు లేక లూములు బందున్నయి, గప్పుడు వచ్చిన. నా బిడ్డకు ఎరుక లేదు. మా ఆమెకు ఎరుక లేదు. మా బామ్మర్దికి అసలే ఎరుక లేదు, వాని మీద ఊకెనే పడ్డరు.

"ఎందుకు పెట్టిన అంటే, పోయిన నెల పిల్ల ఫారం ఇంట్ల చూసిన. నాకు చదువు రాదు గని ఫొటో కండ్లకు ఆనుతది. నా బిడ్డ ఫొటో పక్కన రాఘవ సారు బిడ్డ ఫొటో అంటిచ్చి ఉన్నది. నా పానం జల్లుమన్నది. మా లూముల కాడ ఒక రివాజున్నది. నాకు పచ్చకామెర్లయి పన్నెండు రోజులు పోకుంటె, నా జాగల మొండయ్యను బదిలీ పెట్టిండ్రు. నేను సగం నేసిన తానును వాడు పూరా జేసి కోసిండు. ఎవడు కోస్తె వాని పేరే పడ్తది. ఆ దీపావళికి మంచి పనోడని సేటు వానికే గోడగడియారం ఇచ్చిండు. ఇప్పటికి గుడ వాని ఇంటికి పోతె అది నన్ను చూసి గంట కొడ్తది.

"రైటరంటే బదిలీ అనుకున్న. పదిహేనేండ్లు చదివింది నా బిడ్డ. ఆఖరికి పట్టా మీద వేరే పిల్ల పేరు వస్తదనుకున్న. అడుగుదామంటె, మనోజ్ఞ మంచిపిల్ల, గామెను దొంగ అన్నట్టుంటదని ఊకున్న. ఇంకోటి గుడ రాయ్. నా బిడ్డ అట్టముక్క పెట్టి తన పేరు తనే రాసుడు నేను చూసిన. మా ఇంట్ల పేరు రాయవచ్చినోళ్ళు గామె ఒక్కతే. గంత మంచిగ పేరు రాసిన పిల్ల, పరీచ్చ గుడ రాస్తది, ఎవలో వద్దంటె ఊకున్నది అనుకున్న. పొద్దున ఆటోల నా బిడ్డ చుక్కల రాత సంగతి చెప్పినంక గని నేనేం జేసిన్నో నాకు సమజ్ గాలె. చెప్తందుకు నోరు రాలె.

"ఇగ గీ కాయితం రాసింది మనోజ్ఞ చెయ్యి గని, చెప్పింది నేను. ఎవలన్న అడిగితె సాంబయ్య చెప్పిండనే అనాలె. నా బిడ్డ పరీచ్చ గుడ గంతే. గది నాకు గిప్పుడే తెలిసింది, గీడ కూసున్నంక. ఆ ఎర్ర ముద్ర కొట్టెయ్యుండ్రి మేడం. జర జల్ది. టైమైతంది."